పాఠకుల ప్రశ్నలు: బ్లీచింగు ఎప్పుడు చల్లాలి?

ప్రశ్న: మా బాబాయి గారు మండువా ఇంట్లో ఒక్కరే ఉండేవారు. పోయిన మూడు రోజులకు గానీ ఎవరికీ తెలియలేదు. పంచనామా, దహనం అయిపోయాయి. ఫినాయిలు, బ్లీచింగు రెండూ చల్లినా గదిలో వాసన పోవడం లేదు. పనివాళ్లు రామంటున్నారు. మేమే కడుక్కోవచ్చా? (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: కడుక్కోవచ్చండి. కాకపోతే మీరు చల్లిన బ్లీచింగు చాలావరకు వృథా. శరీరం నుంచి కారినవి నేల మీద ఉండగానే చల్లితే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా మిగలదు. ముందు ఎత్తాలి, తర్వాత సబ్బునీళ్లతో తోమాలి, ఆ తర్వాతే మందు. ఇప్పుడు మాత్రం ఆ నేల మీద బాత్రూమ్ యాసిడ్ పోయకండి. బ్లీచింగుతో కలిస్తే క్లోరిన్ గ్యాసు లేచి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కిటికీలు తెరవండి, ఫ్యాను వేయకండి. ఎండిన మరకల దుమ్మును అది ఇల్లంతా చిమ్ముతుంది. పొడి చీపురూ వద్దు. మోకాళ్ల దాకా బూట్లు, ప్లాస్టిక్ ఏప్రను, కళ్లు పూర్తిగా మూసే రక్షణ అద్దాలు, ఎన్95 మాస్కు, ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవ్స్ కావాలి. మన ఉక్కలో అసలు చిక్కు అద్దాలతోనే. ఆవిరి పట్టగానే చెయ్యి తెలియకుండానే మొహం మీదికి పోతుంది. అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టి, అరగంటకొకసారి మనిషి మారాలి.

పరుపు బూరుగు దూదిదైనా, ఫోముదైనా, మంచం నులకదైనా ఆశ వదులుకోండి. లోపలికి ఇంకింది కడిగితే రాదు. తడి మీద పాత గుడ్డలు, పేపర్లు పరిచి పీల్చనివ్వండి. గట్టి అట్టముక్కలతో అంచు నుంచి మధ్యకు తోసి ఎత్తి, ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు మందపాటి సంచుల్లో వేసి మూతి బిగించండి. పంట కాలువలో పారేయడం, పెరట్లో గుంట తీసి పూడ్చడం రెండూ తప్పే. మన దగ్గర నాలుగు బారలు తవ్వక ముందే నీరు ఊరుతుంది, పక్కనే ఎవరిదో బోరు ఉంటుంది. పంచాయతీకి సంచుల్లో ఏముందో ముందే చెప్పి విడిగా అప్పగించండి.

నేల తోమి, ఆ నీళ్లు తుడిచేశాక మందు. లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగు పౌడరు, అంటే పది లీటర్ల బకెట్టుకు 300 గ్రాములు. కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వాడండి. 20 నిమిషాలు నేల తడిగా ఉండాలి, ఆరిపోతుంటే మళ్లీ పోయాలి. తర్వాత మంచినీళ్లతో కడగకపోతే ఇనుప ఊచలు తుప్పు పడతాయి. ఏ రోజు ద్రావణం ఆ రోజే. గడ్డకట్టి ఘాటు పోయిన పౌడరుకు బలం లేనట్టే. మూత తీసి వదిలేసిన సంచి మన తేమగాలికి త్వరగా అలాగే అవుతుంది.

ఇంతా చేశాక కూడా వాసన వస్తే, అది పగుళ్లలోకి, గచ్చులోకి దిగిందన్నమాట. ఆ మేరకు గచ్చు చెక్కించి మళ్లీ వేయించాలి. సాంబ్రాణి దాన్ని కప్పుతుంది అంతే.

విప్పేటప్పుడు పై గ్లవ్స్, ఏప్రను, బూట్లు, అద్దాలు, మాస్కు, చివరికి లోపలి గ్లవ్స్. మాస్కు ముందు భాగం ముట్టుకోకుండా పట్టీలు పట్టి తీయండి. వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: అమ్మకు ఇంట్లోనే ఇంజెక్షన్లు చేస్తాం. చెత్త తీసే ఆవిడకు సూది గుచ్చుకుంది. (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: ధారగా పోయే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగు రాయకూడదు. అదే రోజు డాక్టరుకు చూపించండి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతుకుతుంది కాబట్టి ఆవిడకు టీకా పడిందో లేదో అడగండి. పడకపోతే వేయించాలి: మొదటిది వెంటనే, తర్వాత నెలకు, ఆరు నెలలకు, మొత్తం మూడు మోతాదులు. ఖర్చు మీరే పెట్టుకోవడం న్యాయం.

ఇకమీదట సూదులకు మందపాటి ప్లాస్టిక్ డబ్బా పెట్టండి. ముప్పాతిక నిండగానే మూత బిగించండి. ఇంటి వైద్యం చెత్తను విడి సంచిలో మున్సిపాలిటీకి ఇవ్వాలనీ, వాళ్లు దాన్ని శుద్ధి కేంద్రానికి పంపాలనీ 2016 నాటి బయోమెడికల్ (వైద్య) వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

ప్రశ్న: వరదకు సెప్టిక్ ట్యాంకు పొంగి ఇంట్లోకి వచ్చింది. ఎన్95 పెట్టుకుని మనిషిని దింపి తోడించవచ్చా? (ఒక పాఠకుడు, పి.గన్నవరం)

జవాబు: వద్దు. ఎన్95 తుంపరలనూ దుమ్మునూ ఆపుతుంది, గ్యాసును ఆపదు. ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయిందనుకుని దిగినవాడు పడిపోతాడు, తీయబోయినవాడూ పడతాడు. రక్షణ లేకుండా మనిషిని దింపి చేయించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

ట్యాంకరు పిలిచినా తొందరపడకండి. చుట్టూ నేల నీటితో నిండి ఉండగా ట్యాంకు ఖాళీ చేస్తే బయటి ఒత్తిడికి గోడలు పగలవచ్చు, తేలికపాటి ట్యాంకైతే పైకి లేచిపోతుంది. చుట్టూ నేలలో నీరు తగ్గాక తోడించండి.

ఇంట్లో బురద తడిగా ఉన్నప్పుడే పారతో ఎత్తేయండి, ఎండితే దుమ్మవుతుంది. కడిగాక లీటరుకు 15 గ్రాముల బ్లీచింగు చాలు. కాళ్లకు దెబ్బలుంటే కట్టుకట్టి బూట్లు వేసుకోండి, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) ఆ గాట్లలోంచి ఎక్కుతుంది. నెల లోపు జ్వరం వస్తే, వరద నీళ్లలో తిరిగామని డాక్టరుకు మీ అంతట మీరే చెప్పండి.