ద్రవ నత్రజనిలోనూ నిలవని సుడులు

ప్రశ్న: బిస్మత్ కుప్రేట్ (బిస్మత్, రాగి, ఆక్సిజన్ ఉన్న సమ్మేళనం) సుమారు 85 కెల్విన్ల దగ్గరే అతివాహకమవుతుంది (విద్యుత్ నిరోధాన్ని కోల్పోతుంది) కదా, దానిని 77 కెల్విన్ల ద్రవ నత్రజనిలో ముంచి శక్తిమంతమైన అయస్కాంతాలు ఎందుకు తయారు చేయరు?

జవాబు: అతివాహకం కావడం వేరు, అయస్కాంత క్షేత్రంలో కూడా నిరోధం లేకుండా ఉండడం వేరు, చాలామంది ఈ రెంటినీ ఒకటిగా భావిస్తారు. క్షేత్రం ఈ పదార్థంలోకి సన్నని సుడులుగా, అంటే చుట్టూ విద్యుత్తు తిరిగే సన్నని గొట్టాలుగా, చొరబడుతుంది. ఒక్కో సుడి మోసే అయస్కాంత అభివాహం (దాని గుండా సాగే క్షేత్రం మొత్తం) 2.07×10⁻¹⁵ వెబర్లు మాత్రమే. అతివాహకాలైన నియోబియం మిశ్రమాలలో సుడి బిగించిన తీగలా నిలుస్తుంది. బిస్మత్ కుప్రేట్‌లో అతివాహకత రాగి-ఆక్సిజన్ పొరలలోనే బలంగా ఉండి, వాటి మధ్య బంధం బలహీనంగా ఉండడం వల్ల, సుడి ఒకదానిపై ఒకటి పేర్చిన అట్ల దొంతరలా పొరకొక బిళ్లగా విడిపోతుంది. 1991లో భౌతికశాస్త్రవేత్త జాన్ క్లెమ్ సిద్ధాంతరీత్యా వివరించినవి ఈ బిళ్లలే. 77 కెల్విన్ల ఉష్ణ చలనానికి ఆ దొంతర తేలికగా చెదిరి, క్రమబద్ధమైన సుడుల జాలకం కరిగి ద్రవంలా మారుతుంది. అప్పుడు విద్యుత్ ప్రవహిస్తే, లోరెంజ్ బలానికి (అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ ప్రవాహం వల్ల కలిగే తోపుకు) సుడులు కదిలి వోల్టేజి పుట్టిస్తాయి, అదే నిరోధం. పొరల మధ్య బంధం గట్టిగా ఉన్న ఇట్రియం కుప్రేట్ ఈ విషయంలో ఎంతో మెరుగు. బిస్మత్ తీగను 4.2 కెల్విన్ల ద్రవ హీలియంలో చల్లబరిస్తే మాత్రం, సుడులు లోపాల వద్ద చిక్కుకుపోయి, 20 టెస్లాలకు మించిన క్షేత్రంలోనూ అది గణనీయమైన విద్యుత్తును మోయగలదు.