మూడు నెలలు జైల్లో కూర్చుంటే జరిమానా తీరిపోతుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా ఆయన కోళ్లఫారం నడిపేవారు. దాణా బాకీ కింద డీలరుకు ఇచ్చిన రూ. 3 లక్షల చెక్కు బౌన్స్ అయింది. మేజిస్ట్రేటు కోర్టు రూ. 4 లక్షల జరిమానా వేసింది. అందులో 3 లక్షల 90 వేలు డీలరుకు నష్టపరిహారంగా ఇవ్వాలట. కట్టకపోతే మూడు నెలల సాధారణ ఖైదు. కట్టడానికి 30 రోజుల గడువిచ్చారు, 19 రోజులు గడిచిపోయాయి. కేసు నడుస్తుండగా డీలరుకు లక్షా 20 వేలు ఇచ్చాం, అది లెక్కలోకి రాలేదు. మా పెదమామగారు ‘మూడు నెలలు లోపల ఉండి వస్తే బాకీ తీరిపోతుంది, ఈలోగా ఇల్లు నీ పేర రాయించుకో’ అంటున్నారు. డబ్బు లేనివాణ్ని అప్పు కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిందని మా తమ్ముడంటాడు. ఏది నిజం? మా వీధి కుర్రాడొకడు దొంగతనం కేసులో శిక్ష పూర్తయినా, రూ. 10 వేల జరిమానా కట్టలేక ఇంకా జైల్లోనే ఉన్నాడు. పేదవాడికి న్యాయం ఇదేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం కోళ్లకు తెగులు తగలడం, డీలరు ఇంటి ముందుకొచ్చి అన్న మాటలు, ఆయన వేసిన వడ్డీ. తీర్పు వచ్చాక వాటితో పనిలేదు. మీ కేసును తేల్చేది మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన సంగతి: జరిమానాలో 3 లక్షల 90 వేలు డీలరుకు నష్టపరిహారం.

మామూలు జరిమానా అయితే, కట్టనందుకు వేసిన ఖైదు పూర్తిగా అనుభవించాక కోర్టు మళ్లీ వసూలు వారంటు ఇవ్వడానికి ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగా చూపాలి. మీ పెదమామగారు ఎక్కడో విన్నది ఈ ముక్కే అయి ఉంటుంది. దాని పక్కనే ఉన్న మినహాయింపు ఆయనకు తెలియదు. జరిమానాలోంచి నష్టపరిహారం ఇవ్వమని తీర్పులో ఉంటే, ఖైదు అనుభవించినా వసూలు ఆగదు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 421 సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 461 సెక్షన్ చెప్పేది అదే. కుమారన్ వర్సెస్ కేరళ కేసులో 2017లో సుప్రీంకోర్టు కూడా, ఖైదు అనుభవించినంత మాత్రాన పరిహారం బాధ్యత పోదని స్పష్టం చేసింది. అంటే మీ ఆయన 90 రోజులు లోపల ఉండి వచ్చినా, కోర్టు కలెక్టరుకు వారంటు పంపి, ఆ సొమ్మును భూమిశిస్తు బకాయిలా మీ ఇంటి మీద వసూలు చేయించవచ్చు. తీర్పు నాటి నుంచి ఆరేళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. మనిషి చనిపోయినా ఆస్తి మీద బాధ్యత పోదు. జైలుకూ వెళ్లి, డబ్బూ కట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక ఇల్లు మీ పేర రాయించుకోవడం. ఆ పని చేయొద్దు. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కొద్దు. జరిమానా వసూలుకు చిక్కకుండా ఆస్తిని మోసపూరితంగా మార్చడం విడిగా నేరం. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 243 సెక్షన్ కింద మూడేళ్ల దాకా ఖైదు పడవచ్చు. తీర్పు వచ్చిన నెలలోనే భార్య పేర గిఫ్ట్ డీడ్ కనిపిస్తే ఉద్దేశం ఏమిటో ఎవరూ వేరే రుజువు చేయక్కర్లేదు, డాక్యుమెంటు మీది తేదీ చాలు. పైగా అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ అని డీలరు సివిల్ కోర్టుకెళ్లి దాన్ని కొట్టేయించుకోవచ్చు. ఈరోజు మీ మీద ఏ కేసూ లేదు. పెదమామగారి మాట వింటే మీరూ ముద్దాయి అయ్యే ప్రమాదం ఉంది.

మీ తమ్ముడు చెప్పిన తీర్పు నిజమే. జాలీ జార్జ్ వర్గీస్ కేసు, 1980. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ఆ తీర్పు నేను ఎంతో గౌరవించేది. కానీ అది సివిల్ డిక్రీ బాకీ, అంటే సివిల్ కోర్టు కట్టమని తీర్పిచ్చిన అప్పు గురించి: చెల్లించే శక్తి ఉండీ ఎగ్గొట్టేవాణ్ని తప్ప, లేనివాణ్ని సివిల్ జైలుకు పంపకూడదని. మీ ఆయనది క్రిమినల్ కోర్టు వేసిన జరిమానా. అక్కడ ఆ తీర్పు పట్టుకెళితే పనిచేయదు. మీకు పనికొచ్చేది 2007 నాటి శాంతిలాల్ తీర్పు. జరిమానా కట్టనందుకు వేసే ఖైదు అసలు శిక్ష కాదని, దాన్ని నిర్ణయించేటప్పుడు ముద్దాయి ఆర్థిక పరిస్థితి కూడా చూడాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. జరిమానా తగ్గించమని అప్పీలులో అడగడానికి ఫారం నష్టపోయిన కాగితాలు, బ్యాంకు అప్పుల వివరాలు ఇక్కడే అక్కరకొస్తాయి.

అప్పీలు అన్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను. 19 రోజులు గడిచినా మీ చేతిలో తీర్పు సర్టిఫైడ్ కాపీ లేదు. లాయరు గుమాస్తా ‘తరువాత చూద్దాం’ అన్నాడని ఊరుకున్నారు. సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. అప్పీలు చేసుకోదగ్గ తీర్పు కాపీ ముద్దాయి అడిగితే ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి ఖర్చు అన్న సాకు కూడా లేదు. కాపీకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది సిద్ధమయ్యే రోజు వరకు పట్టిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. దరఖాస్తే పెట్టకపోతే దేన్ని మినహాయించాలి? ఈ జవాబు చదివిన రోజే కాపీ అప్లికేషన్ వేయించి, దాని నంబరు రాసుకోండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయవచ్చు గానీ, ‘గుమాస్తా చెప్పాడు’ అన్న కారణానికి అక్కడ పెద్దగా విలువుండదు.

ఇంకో అజాగ్రత్త లక్షా 20 వేలది. 40 వేలు ఫోన్‌పేలో పంపారు, మంచిది. 80 వేలు దాణా షాపు గుమాస్తా చేతికి నగదుగా ఇచ్చి చీటీ కూడా అడగలేదు. ఏళ్ల తరబడి ఖాతా ఉన్న మనిషిని రసీదు అడగడానికి మొహమాటపడ్డామని రాశారు. కోర్టులో ఆ మొహమాటం ఖరీదు 80 వేలు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ కాదు, బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంట్ తీసుకోండి. నగదు ఇచ్చిన రోజు బ్యాంకులోంచి డబ్బు తీసినట్టు ఎంట్రీ ఉందేమో, తరువాత ‘మిగతాది ఎప్పుడిస్తావు’ అంటూ డీలరు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉందేమో వెతకండి. ‘మిగతాది’ అన్న ఆ మాటే సాక్ష్యం. ఇవి కింది కోర్టులో దాఖలు కాలేదు కాబట్టి, అదనపు సాక్ష్యంగా తీసుకోమని అప్పీలులో విడిగా పిటిషన్ వేయాలి, అప్పుడెందుకు వేయలేదో చెప్పాలి. తేదీలు జాగ్రత్తగా చూడండి. కేసు వేశాక ఇచ్చిన డబ్బు నేరాన్ని చెరపదు, కట్టాల్సింది తగ్గించమనడానికి ఆధారమవుతుంది అంతే. కానీ చెక్కు బ్యాంకులో వేయకముందే ఇచ్చింది ఏదైనా ఉండి, దాన్ని మినహాయించకుండా చెక్కు పూర్తి మొత్తానికి వేసి ఉంటే, కేసు నిలబడటమే కష్టం. 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

ఇప్పుడు దారి. మొదట, గడువు తీరకముందే అదే మేజిస్ట్రేటు ముందు వాయిదాల పిటిషన్ వేయించండి. శిక్ష జరిమానా మాత్రమే అయినప్పుడు రెండు లేక మూడు వాయిదాల్లో, 30 రోజులకు మించని ఎడంతో కట్టేలా కోర్టు వీలివ్వగలదు. అంతవరకు బాండు మీద ఖైదును ఆపుతుంది. కట్టిన ప్రతి రూపాయీ ఖైదును తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోండి: 4 లక్షల్లో 3 లక్షలు కడితే, 90 రోజుల్లో మిగిలేది ఇంచుమించు 22 రోజులు. అప్పీలు వేస్తే సెషన్స్ కోర్టు జరిమానాలో కనీసం 20 శాతం, అంటే 80 వేలు, సాధారణంగా 60 రోజుల్లో జమ చేయమంటుంది. దానికి ఇప్పటి నుంచే సిద్ధపడండి.

అయితే అన్నిటికన్నా మేలైనది రాజీ. చెక్కు కేసును అప్పీలులో ఉండగా కూడా రాజీ చేసుకోవచ్చు, అప్పుడు శిక్షే పోతుంది. డీలరుకు కావలసింది డబ్బు, మీ ఆయన్ని జైల్లో చూడటం కాదు. మాటలు లోక్ అదాలత్‌లో జరగనివ్వండి, చెల్లింపు డీడీగానో కోర్టు జమగానో ఉండాలి. ఇకమీద ఎవరి చేతికీ నగదు ఇవ్వొద్దు.

మీ వీధి కుర్రాడి సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే అతనికి సాయం ఉండి కూడా అందలేదు. రిమాండులో గడిపిన రోజులు అసలు శిక్షలోంచి తగ్గుతాయి గానీ, జరిమానా ఖైదులోంచి తగ్గవు. అందుకే అంతా అయిపోయిందనుకున్నాక కూడా అలా ఉండిపోతారు. ముందు తీర్పు చూడండి. మూడేళ్ల శిక్ష పడదగ్గ మామూలు దొంగతనమైతే జరిమానా ఖైదు అందులో నాలుగో వంతు, అంటే తొమ్మిది నెలలు దాటకూడదు. దాటితే అప్పీలు చేయాలి. రెండోది, పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చిన పథకం ఉంది. జరిమానా కట్టలేక ఆగిపోయిన ఖైదీకి రూ. 25 వేల వరకు జిల్లా కమిటీ మంజూరు చేసి కోర్టులో కడుతుంది. మాదకద్రవ్యాలు, అవినీతి, మనీ లాండరింగ్, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు ఇది వర్తించదు, దొంగతనానికి వర్తిస్తుంది. జైలు సూపరింటెండెంటు తనంతట తానే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. ఆయన కోసం ఎదురుచూడొద్దు. కుర్రాడి తల్లిని కేసు నంబరు, తీర్పు తేదీ, రేషన్ కార్డు నకలుతో ఆ సంస్థ కార్యదర్శి దగ్గరికి పంపండి. వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయించండి, డబ్బేమీ అడగరు. ఈలోగా బంధువులు కొంత పోగుచేసి కోర్టులో కట్టగలిగినా, ఆ మేరకు అతని ఖైదు తగ్గుతుంది.