పూల మీద మెత్తరెక్కల నేస్తాలు

ప్రశ్న: పూల మీద ఎర్రటి ఒంటికి నీలిమచ్చలున్న చిన్న పెంకుపురుగులు పుప్పొడి తింటున్నాయి. మందు కొట్టాలా?

జవాబు: వద్దండీ, మందు జోలికి వెళ్లకండి! రెక్కల తొడుగు మెత్తగా, సన్నటి నూగుతో ఉంటే అవి మెలిరిడే అనే పెంకుపురుగుల కుటుంబానివి కావచ్చు. పుప్పొడి వాటికి సగం భోజనమే. పేనుబంకనూ, రెక్కపురుగుల గుడ్లనూ తింటాయి. వీటిలో చాలావాటి పిల్లపురుగులు నేలలో, రాలిన ఆకుల కింద వేటాడతాయి.

ఈ కుటుంబంలో నాకు మరీ ఇష్టమైనది ఉత్తర అమెరికా పత్తి చేలలో, లూసర్న్ అనే పశుగ్రాసం చేలలో తిరిగే కొలాప్స్ అనే పురుగు. అది తెల్లదోమనూ వదలదు. భూతద్దంలో చూస్తే మగదాని మీసాల మొదట్లో ఉబ్బిన కణుపు కనిపిస్తుంది. ఈ కుటుంబంలో కొన్నింటిని కదిలిస్తే పక్కల నుంచి ఎర్రటి తిత్తులు బయటికొస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది! అన్ని పురుగులనూ చంపే మందు కొడితే ముందు పోయేది ఇలాంటి మిత్రులే. పూలమొక్కలు ఉంచండి, రాలిన ఆకులు కొన్ని ఊడ్చకుండా వదలండి.