అమ్మ "మంచిగనే ఉంది" అన్నప్పుడు

చెల్లెమ్మా,

నీ మొదటి కథ ఆదివారం సంచికలో అచ్చయినందుకు సంతోషం. అమ్మకు చదివి వినిపిస్తే "మంచిగనే ఉంది బిడ్డా" అని మళ్లీ బీడీల చాట ముందేసుకుందని రాశావు. నీకు మనసు చివుక్కుమనే ఉంటుంది. ఊరంతా మెచ్చుకున్నా ఆ ఒక్క మనిషి ముఖం వెలగాలనే కదా రాసేది! అందుకే పట్టించుకోవద్దని నేను చెప్పను.

అయితే ఉత్తరం చివర్న ఒక ముక్క రాసి వదిలేశావు. "ఆకు పొద్దుగాల తడిపినట్టు రాసినవేంది, రాత్రే నానబెడ్తం గద" అన్నదట అమ్మ. నీ ఉత్తరం మొత్తంలో నాకు విలువైన మాట అదే. బీడీలు చుట్టే తునికాకు రాత్రంతా నానితేగానీ మెత్తబడదు. లేకపోతే కత్తిరిస్తుంటే అంచు చిట్లుతుంది, చుట్టబోతే పగులుతుంది. నీ కథలో బీడీలు చుట్టే ఆమె తెల్లారి లేచి ఆకు తడిపి, వెంటనే చుట్టేస్తుంది. ఎడిటర్ కంటపడని తప్పు అమ్మ పట్టుకుందంటే, ప్రతి మాటా చెవిపెట్టి విన్నదన్నమాట. బిడ్డను ఎదుట పొగిడితే దిష్టి తగులుతుందనుకునే తరం వాళ్లది.

అందరికీ ఈపాటి భాగ్యం కూడా దక్కదు. జర్మన్ భాషలో రాసిన పేరున్న రచయిత కాఫ్కా తన కొత్త పుస్తకం తెచ్చిస్తే, పేకాటలో ఉన్న తండ్రి "మంచం పక్క బల్ల మీద పెట్టు" అనేవాడు. 1919లో తండ్రికి రాసిన పెద్ద ఉత్తరంలో కాఫ్కాయే ఈ సంగతి చెప్పుకున్నాడు. మనసు నొచ్చుకున్నా, ఆ మాట తనకు "ఇక నీకు స్వేచ్ఛ" అన్నట్టు వినిపించేదట. అది భ్రమేననీ అక్కడే ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరం తండ్రి చేతికి చేరనే లేదు. నాకు అది తలుచుకున్నప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

ఇకమీదట అమ్మను "ఎట్లుంది?" అని అడగకు. అట్లా అడిగితే ఎవరైనా మంచిగుందనే అంటారు. "ఈ పని ఇట్లనే చేస్తరా? సేటు ఇట్లనే మాట్లాడ్తడా?" అని అడుగు. ముగింపు కుదిరిందా, మధ్యలో సాగదీశావా అన్న బరువు ఆమె మీద పెట్టకు. దానికి నేనున్నాను, నీ తోటి రాసేవాళ్లున్నారు.

రెండో కథలో, కార్ఖానాలో బీడీలు బాగాలేవని తీసి పక్కన పడేసే ఘట్టం రాస్తానన్నావు కదా. కలం పట్టకముందే అమ్మ పక్కన కూర్చో. బీడీలు వెనక్కి వచ్చిన రోజు ఇంటికి నడుస్తూ ఏమనుకునేదో అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసి నాకు పంపు.

నీ అక్క