కంట్రీ కవర్ల ఆల్బమ్ వినాలంటే రే చార్ల్స్‌తో మొదలుపెట్టండి

వేరే తరహా పాటలతో పేరొచ్చిన గాయకులు కంట్రీ పాటలకు (అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన తరహా) కవర్లు, అంటే వేరేవాళ్లు పాడినవాటిని తాము మళ్లీ పాడి, ఆల్బమ్ చేస్తే అవి వినేలా ఉంటాయా అని అడిగారు. నా మనసు మార్చిన ఆల్బమ్ గురించి చెప్తాను. సోల్, బ్లూస్ పాటలతో పేరొచ్చిన నల్లజాతి అమెరికన్ గాయకుడు రే చార్ల్స్ 1962లో చేసిన ‘మోడరన్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’.

నేను విజయవాడలో ఏడేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. ఉద్యోగం మీద డాలస్ వచ్చాక కారు రేడియోలో కంట్రీ పాటలు తెగ వచ్చేవి. ఆ యాస, ఆ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించే గిటార్) సాగదీత నాకు ఎక్కలేదు. ఒక రాత్రి హ్యూస్టన్ నుంచి తిరిగొస్తుంటే రే చార్ల్స్ గొంతులో ‘యూ డోంట్ నో మీ’ వచ్చింది. ప్రేమించిన అమ్మాయికి ఆ మాట చెప్పలేక, ఆమె ఇంకొకరితో వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడినవాడి పాట. వింటుంటే గొంతు పూడుకుపోయింది. ఇంటికొచ్చి వెతికితే అది అంతకుముందు ఎడ్డీ ఆర్నాల్డ్ పాడిన కంట్రీ పాటని తెలిసింది.

మా ఆర్కెస్ట్రాలో ఒరిజినల్‌ని ఉన్నదున్నట్టు దించాలి. బిట్ మారితే ఊరుకునేవారు కాదు. రే చార్ల్స్ ఆ దారి పట్టలేదు. మాటలు, బాణీ ఉంచుకుని కంట్రీ పద్ధతి ఫిడేలు, స్టీల్ గిటార్ పక్కన పెట్టేశాడు. కొన్ని పాటలకు వయొలిన్ల బృందం, కోరస్. కొన్నిటికి జాజ్ బిగ్ బ్యాండ్ (ట్రంపెట్లు, శాక్సోఫోన్ల పెద్ద బృందం). కంట్రీ యాస కూడా అరువు తెచ్చుకోలేదు. తన గొంతుతోనే పాడాడు.

ఆ పాటలు ఆయనకు కొత్తవి కావు. ఫ్లోరిడాలో చిన్నప్పుడే రేడియోలో గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ పాటల కార్యక్రమం వినేవాడు. కుర్రతనంలో ట్యాంపాలో తెల్లవాళ్ల కంట్రీ బ్యాండులో పియానో వాయించాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లకు బస్సులో సీటు దగ్గర్నుంచి కుళాయి దాకా అన్నీ వేరుగా ఉంచిన రోజులవి! ఏం పాడాలో తానే తేల్చుకునే హక్కు 1959లో ఏబీసీ-పారామౌంట్ రికార్డు కంపెనీతో చేసుకున్న ఒప్పందంలోనే ఉండబట్టి ఈ ఆల్బమ్ చేయగలిగాడు. ఇందులోని డాన్ గిబ్సన్ పాట ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ అమెరికాలో హిట్ పాటల వారపు జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 5 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆల్బమ్‌ల జాబితాలో ఈ ఆల్బమ్ 14 వారాలు మొదటి స్థానంలో ఉంది.

మీరు వినేటప్పుడు ముందు కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ 1951లో పాడిన ‘హే, గుడ్ లుకిన్’ పెట్టుకోండి, వెంటనే రే చార్ల్స్‌ది. స్టీల్ గిటార్ ఉన్న చోట ట్రంపెట్లు ఎలా అందుకుంటాయో గమనించండి. నేను ఆ ఒక్క చోటే పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాను.