మేనల్లుడికి, లీగ్ మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య దీవెనలు. మీ కాలనీలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడేలా షటిల్ లీగ్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత టెన్షనూ పట్టుకుంది. ఇన్నేళ్లు పీఈటీగా చేసినదాన్ని ఇంట్లోనే ఉంటే, నాతో ఒక్క మాటైనా అనకుండా పిల్లల పేర్లు రాసేసుకుంటున్నావట! సరే, ఇప్పుడైనా ఇది చివరిదాకా చదువు.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. పుట్టినతేదీ సర్టిఫికెట్ చూడకుండా ఎవరినీ 13 ఏళ్ల లోపు గ్రూపులో వేయకు. నైలాన్ షటిల్స్ కొను, ఈకలవి చిన్నపిల్లల చేతిలో నిలవవు. ఎండ వేడికి షటిల్ ఇంకా దూరం పోతుంది కాబట్టి నెమ్మదిగా వెళ్లే ఆకుపచ్చ పట్టీవి తీసుకో. కాకినాడలో సాయంత్రం సముద్రపు గాలి లేచిందంటే ఆట సాగదు, పొద్దున్నే పెట్టు. డిసెంబర్లో మాత్రం మంచుకి సిమెంటు కోర్టు జారుతుంది. పొడిగా తుడిపించి, ముందు నువ్వు నడిచి చూశాకే పిల్లల్ని దింపు. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు, టేపు పెట్టి కొలువు.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇలాంటి లీగే పెట్టారు. జట్టుకి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. అబ్బాయీ అమ్మాయీ జోడీగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్ అయితే జనం ఆగి చూస్తారని దాన్ని అన్నిటికన్నా చివర, లైట్ల కింద పెట్టారు. అది మొదలయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటేది. రెండో వారం ఒక అమ్మాయి రాలేదు. వాళ్ల నాన్నకి నైట్ డ్యూటీ, చీకట్లో తీసుకెళ్లేవాళ్లు లేరు. వచ్చిన పిల్లల ఆట పోకూడదని పెద్దలు మంచి మనసుతోనే ఒక వెసులుబాటు ఇచ్చారు: అమ్మాయి రాకపోతే ఆమె బదులు ఇంకో అబ్బాయి ఆడొచ్చు.

ఆ ఒక్క వాక్యం లీగ్‌ని తినేసింది. అమ్మాయి రాకపోతేనే గెలవడం తేలికని జట్లకి తెలిసిపోయింది. "నీకు పరీక్షలున్నాయిగా, పర్లేదులే" అని వాళ్లే చెప్పడం మొదలుపెట్టారు. వచ్చిన అమ్మాయిలకేమో "నెట్ దగ్గర నిలబడు చాలు, షటిల్ నాకొదిలెయ్" అని సలహా. నా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది, బ్యాక్‌హ్యాండ్ సర్వీసు నెట్‌ని రాసుకుంటూ వెళ్లేలా వేసేది. ఒక రాత్రి వెళ్లి చూస్తే బ్యాట్ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె చోటులో పొడుగాటి అబ్బాయి ఎవరో ఆడుతున్నాడు. ఆ పిల్లని ఒక్క మాటైనా అడగలేదు. మర్నాటి నుంచి స్కూలుకి బ్యాట్ తేవడం మానేసింది. నేను వెళ్లి గట్టిగా అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం టీచర్‌గారూ" అన్నారు. వచ్చే ఏడాది అబ్బాయిల లీగ్ మాత్రమే జరిగింది. అమ్మాయిలకి ఆసక్తి లేదన్నారు. ఆ మాట గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే చెబుతున్నాను, ఎవరు ఎంత బతిమాలినా ఆ వెసులుబాటు ఇవ్వకు. అమ్మాయి లేకపోతే ఆ మ్యాచ్ ఎదుటి జట్టుది. అబ్బాయి లేకపోయినా అంతే. జ్వరాలూ పరీక్షలూ ఉంటాయి కనుక జట్టుకి ముగ్గురేసి అమ్మాయిల్ని, ముగ్గురేసి అబ్బాయిల్ని రాసుకో. 1989 నుంచి దేశాల మధ్య జరుగుతున్న సుదీర్మన్ కప్‌లో ఉన్నట్టే అయిదు మ్యాచ్‌లు పెట్టు: అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి చొప్పున సింగిల్స్ రెండు, డబుల్స్ రెండు, మిక్స్‌డ్ ఒకటి. అన్నిటికీ సమానమైన పాయింటు. మ్యాచ్‌కి 21 పాయింట్ల గేమ్ ఒక్కటే ఆడించు, లేకపోతే ఎండెక్కిపోతుంది. అమ్మాయి పాయింటు లేకుండా కప్పు రాదని తెలిస్తే జట్టే వాళ్లింటికెళ్లి పిలుచుకొస్తుంది.

మిక్స్‌డ్‌లో అమ్మాయి ముందు, అబ్బాయి వెనక అని పిల్లలకి నూరిపోయకు. ఇద్దరూ అన్నిచోట్లా ఆడాలి. గుత్తా జ్వాల ఎడమచేత్తో కొట్టిన స్మాష్‌లు వాళ్లకి వీడియోలో చూపించు. జోడీల్ని వారం వారం మార్చు. ఫలానా అబ్బాయి, ఫలానా అమ్మాయి అని కాలనీలో గుసగుస మొదలైతే మొదట ఆట మానిపించేది ఆడపిల్లనే.

ఇంకోటి, కోర్టు దగ్గర బాత్రూమ్ తలుపుకి లోపల గడియ ఉందో లేదో ఈ రోజే చూడు. ఇది చిన్న విషయమని నవ్వకు. చివరి పిల్ల ఇంటికి వెళ్లేదాకా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. ఏ కోచ్‌నీ పిల్లలతో ఒంటరిగా వదలకు, ఎంత తెలిసినవాడైనా సరే. మన పి.వి. సింధుని కూడా చిన్నప్పుడు మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా తీసుకెళ్లి తీసుకురావడానికి ఇంట్లోవాళ్లు ఎంత కష్టపడ్డారో తెలుసుగా. అలా తీసుకెళ్లేవాళ్లు లేని పిల్లలు నీ దగ్గరికి వస్తారు. ఎవరు ఎవరితో వెళ్తున్నారో పుస్తకంలో రాయించు.

మీ తాతయ్య బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారని నీకు తెలుసు. అయిదుగురేసి ఆడే ఆటలో ఒకరు తక్కువైనా నన్ను కోర్టులోకి రానిచ్చేవారు కాదు. ఆ పసుపు ఉన్ని బంతి తుప్పల్లో పడితే తెచ్చివ్వడమే నా వంతు. ఆయన మనవడివి నువ్వు, మొదటి రోజే ఆడపిల్లల పేర్లు రాసుకుంటున్నావు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను నాన్నా.

నియమాల కాగితం ప్రింట్‌కి ఇచ్చేముందు నాకు వాట్సాప్‌లో పంపు. ఇద్దరిలో ఒక ఆడమనిషి ఉండాలన్నాను కదా, మొదటి నెల ఆదివారాలు నేనే వచ్చి ఉంటాను. మీ అమ్మకి చెప్పు, ముందురోజు రాత్రికే దిగుతానని.

నీ అత్తయ్య