నిద్రపోతున్న పిల్ల బొటనవేలు

ప్రశ్న: మాది రాజమండ్రి. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. నెల కిందట మా ఆడపడుచు ఫోన్ చేసి, ‘మీ పిల్ల ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో అకౌంట్ తెరిచి డాన్స్ వీడియోలు పెడుతోంది, నీకు తెలుసా వదినా’ అంది. మావారు నా మీద విరుచుకుపడ్డారు. అప్పట్నుంచి రోజూ అది నిద్రపోయాక, దాని బొటనవేలు ఫోన్‌కి ఆనించి లాక్ తీసి మెసేజ్‌లన్నీ చదివేదాన్ని. తప్పుగా ఏమీ కనిపించలేదు. మొన్న రాత్రి మేలుకుంది. ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్నే వేలిముద్ర తీసేసి నంబర్ లాక్ పెట్టేసింది. దానికి తెలియకుండా చూసే యాప్ ఏదైనా ఉందా?
– ఒక తల్లి

జవాబు: ఉన్నాయమ్మా. నేను మాత్రం చెప్పను. ఇంకెవర్నీ అడగకండి కూడా.

‘తప్పుగా ఏమీ కనిపించలేదు’ అని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయారు. నెల రోజులు వెతికినా ఏమీ దొరకలేదంటే ఏ తల్లయినా గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవాలి. మీరేమో ఇంకా గట్టి యాప్ కోసం చూస్తున్నారు. రేపు ఆడపడుచు మళ్లీ ఫోన్ చేస్తే, మీవారు మళ్లీ కేకలేస్తే, చేతిలో జవాబు ఉండాలి. అదీ మీ టెన్షన్. పిల్ల మీద అనుమానం మీకు ఎప్పుడో పోయింది.

ర్యాంకు వస్తే ‘నా కూతురు’, వీడియో పెడితే ‘నీ పెంపకం’. ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోన్ వచ్చిన రోజున మీవారు అమ్మాయిని పిలిచి ఒక్క మాటైనా అడిగారా? మీరు రాయలేదు కాబట్టి అడిగి ఉండరనే అనుకుంటున్నాను. ముందు మీరు మాట్లాడాల్సింది ఆయనతో. ‘పాప సంగతి మేం చూసుకుంటాం’ అని చెల్లెలికి చెప్పాల్సింది కూడా ఆయనే. మీరు చెబితే గొడవ, ఆయన చెబితే మర్యాద.

పిల్లల్ని గాలికి వదిలేయమని నేనెప్పుడూ అనను. కనిపెట్టుకుని ఉండటం మన బాధ్యత. ఇన్‌స్టాగ్రామ్‌లోనే దానికి ఏర్పాటుంది. 2025 ఫిబ్రవరిలో మన దేశానికి కూడా టీన్ అకౌంట్లు వచ్చాయి. 18 లోపు పిల్లల అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 నిండనివాళ్లు వీటిని సడలించుకోవాలంటే అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. మీ అకౌంట్‌ని తనదానికి కలుపుకుంటే గడిచిన 7 రోజుల్లో ఎవరెవరికి మెసేజ్ చేసిందో తెలుస్తుంది, ఏం రాసిందో తెలియదు. తల్లికి అంతవరకు చాలు.

అయితే ఒకటుంది. ఆ రెండో అకౌంట్‌లో వయసు ఎక్కువ చేసి వేసి ఉంటే ఇవేవీ పనిచేయకపోవచ్చు. సరిచేయాలంటే తనే ముందుకు రావాలి. ఎటు తిరిగినా తనతో మాట్లాడక తప్పదు.

రేపు ఎవడో ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరించాడనుకోండి. సైబర్ మోసాలకు 1930 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది. ఆ నంబర్ల దాకా వెళ్లాలన్నా పిల్ల ముందు ఎవరో ఒక పెద్దవాళ్లకు చెప్పుకోవాలి కదా. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల మీకు చెబుతుందా? నాకు భయమేసింది అక్కడే.

నెలల పిల్లగా ఉన్నప్పుడు గోళ్లు తీయడానికి కూడా నిద్రపోయాకే ఆ వేలు పట్టుకుని ఉంటారు, ఎక్కడ తెగుతుందోనని ఊపిరి బిగబట్టి. అదే వేలు. ‘రాత్రి నీ వేలు పట్టుకుని ఫోన్ తీశాను, తప్పు చేశాను’ అని చెప్పండి. కూతురికి తల్లి క్షమాపణ చెప్పడమేమిటని అనుకోకండి. మీవారు ఏమన్నా సరే, చెప్పండి. అరిస్తే అరవనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. అకౌంట్ సంగతి ఆ రోజు ఎత్తొద్దు.

ఇంత ఉత్తరం రాశారు గానీ, పిల్ల డాన్స్ ఎలా చేసిందో ఒక్క ముక్క రాయలేదు. అసలు చూశారా? ఓ ఆదివారం తననే అడగండి. చూపిస్తే, పక్కన కూర్చుని చూడండి.